జక్కూరు నుంచి కడప: ఫ్యూయల్ లెక్క, పొలంలో దిగే లెక్క

“అన్నా, ఆదివారం కడపకు పోయొద్దాం. మా నాయనకు చెప్పేసినా, డాబా మీద నిలబడి చూస్తాడంట.”

లైసెన్సు వచ్చి నాలుగు నెలలు కూడా కాని మా కుర్రాడు బెంగళూరులోని జక్కూరు ఎయిర్‌ఫీల్డ్‌లో హ్యాంగర్ బయట టీ తాగుతూ అన్న మాట ఇది. జులై నెల. తీసుకెళ్దామనుకున్నది సెస్నా 152, రెండు సీట్ల చిన్న విమానం. ఫ్యూయల్ సంగతేంటని అడిగితే “ఫుల్ ట్యాంక్ కొట్టిస్తాం కదన్నా, ఇంకేంది?” అన్నాడు. బైకు మీద హిందూపురం పోయేవాడి జవాబు అది. ఆ టీ చల్లారేలోపు ఒక కాగితం మీద ఇద్దరం లెక్క వేశాం. మీరూ బెంగళూరులో ఎగరడం నేర్చుకుంటూ ఉంటే రేపో మాపో మీకూ సొంతూరి మీదుగా ఒక రౌండ్ కొట్టాలనిపిస్తుంది. అందుకే ఆ కాగితాన్ని ఇక్కడ విప్పుతున్నాను.

నేను చెప్పే అంకెలు 152వి, అదీ మా క్లబ్బులో ఉన్న పాత బండివి. మీ విమానం అంకెలు దాని హ్యాండ్‌బుక్‌లోంచే తీసుకోండి. ఇంజన్ ఆగితే చేయాల్సిన పనులు మీ ఇన్‌స్ట్రక్టరు పక్కన కూర్చుని చేయించాల్సినవి. చదివితే వచ్చేవి కావు.

ట్యాంకులో ఎంతుందో మీ కళ్లతో చూడండి

మామూలు ట్యాంకుల 152లో 26 యూఎస్ గ్యాలన్లు పడతాయి. ఇంజన్ తీసుకోగలిగేది 24.5 మాత్రమే. మిగతా ఒకటిన్నర గ్యాలన్ అడుగున ఉండిపోతుంది, ఉన్నా లేనట్టే. 24.5 గ్యాలన్లంటే 92 లీటర్ల పైచిలుకు. లెక్కకు 92 అనుకోండి.

ఇక్కడ ఒక ఇబ్బంది ఉంది. పుస్తకం గ్యాలన్లలో మాట్లాడుతుంది, డ్రమ్ము నుంచి లీటర్లలో పోస్తారు, బరువు లెక్క కేజీల్లో రాస్తాం. ఈ మూడింటి మధ్య తిరుగుతూ ఉంటే ఎక్కడో ఒకచోట కాలు జారుతుంది. 1983 జులై 23న కెనడాలో ఒక బోయింగ్ 767కి జరిగింది అదే. లీటరు 0.8 కేజీ అని వేయాల్సిన చోట 1.77 వేశారు. 1.77 పౌండ్ల లెక్క. కావాల్సిన దాంట్లో సగం కూడా లేకుండా ఎగిరారు. ఆకాశంలో రెండు ఇంజన్లూ ఆగిపోయాయి. గిమ్లీ అనే ఊళ్లో పాత వైమానిక స్థావరం రన్‌వే మీదికి గ్లైడ్ చేసి దించారు. విమానంలో ఉన్న 69 మందీ బతికారు. అంత పెద్ద కంపెనీ, అంతమంది చూసిన కాగితం. కాబట్టి ఒక్క యూనిట్ పట్టుకుని దాంట్లోనే ఉండండి. నాది లీటర్లు. ఏవీగ్యాస్ (చిన్న విమానాల పెట్రోలు) లీటరు 0.72 కేజీ, బరువు కోసం ఒక్కసారి మాత్రమే మారుస్తాను.

గేజ్ చూసి బయలుదేరకండి. చిన్న విమానాల్లో గేజ్ ముల్లు ఎండాకాలం ఫ్యాన్ రెగ్యులేటర్ లాంటిది, దాని మూడ్ దానిది. రెక్క మీది మూత తీసి డిప్‌స్టిక్ ముంచండి. ఆ డిప్‌స్టిక్ ఆ విమానానిదే అయి ఉండాలి, నేల చదునుగా ఉండాలి. 152 ట్యాంకు లోతు తక్కువ, బండి కాస్త పక్కకు ఒరిగినా రీడింగ్ మారిపోతుంది. ఒకసారి పుస్తకంలో “ఫుల్” అని సంతకం ఉంది, గేజ్ కూడా ఫుల్లే. ముంచి చూస్తే రెండు ట్యాంకుల్లో కలిపి తొమ్మిది లీటర్లు తక్కువ. నాకు ముందు ఎవరో రెండు సర్క్యూట్లు (రన్‌వే చుట్టూ తిరిగి దిగే రౌండ్లు) కొట్టి, మళ్లీ పోయించడం మర్చిపోయారు. తొమ్మిది లీటర్లంటే ఇరవై నిమిషాలకు పైనే.

మూత తీసినప్పుడే రంగు చూడండి. మనం వాడే ఏవీగ్యాస్ రకం 100 ఎల్ఎల్ లేత నీలం. శాంపిల్ గ్లాసులోకి పట్టి ఆకాశానికి ఎదురుగా పెడితే నీలం స్పష్టంగా తెలుస్తుంది. నీళ్లుంటే అడుగున పాదరసం బొట్టులా గుండ్రంగా విడిగా కనిపిస్తాయి. గ్లాసు నిండా నీళ్లే వస్తే మాత్రం గీత కనిపించదు, “అంతా శుభ్రంగా ఉంది” అనుకునే ప్రమాదం అక్కడే. అందుకే రంగు, వాసన రెండూ చూడాలి. కిరసనాయిలు వాసన వస్తే అది జెట్ ఫ్యూయల్, ఇంజన్ స్టార్ట్ చేయొద్దు. బెంగళూరులో అక్టోబరు వానల తర్వాత, బయట నిలబెట్టిన బండ్లలో నీళ్లు నేను చాలాసార్లు చూశాను. మూత రబ్బరు వాషర్ ఎండి చీలిపోతే వాననీళ్లు లోపలికి పోతాయి. అదే చీలికలోంచి, ఎగిరేటప్పుడు రెక్క పైన ఉండే చూషణకు ఫ్యూయల్ బయటికి వచ్చేస్తుంది. దిగాక మూత వెనక నీలం మరక చారలా కనిపిస్తే కారణం అదే.

లీటర్లను నిమిషాలుగా మార్చండి

మా 152 గంటకు 23 లీటర్లు తాగుతుంది. ప్లాన్ మాత్రం 25కి వేస్తాను. పుస్తకంలోని తక్కువ అంకె మిశ్చర్ సరిగా లీన్ చేసినవాడికి, అంటే ఎత్తుకు తగ్గట్టు గాలిలో కలిసే ఫ్యూయల్ తగ్గించినవాడికి. 6,000 అడుగుల దగ్గర కూడా మిశ్చర్ ఎర్ర నాబ్ లోపలికి నొక్కి పెట్టి ఎగిరేవాడికి ఆ అంకె వర్తించదు. మీరు లీన్ చేస్తారో లేదో నిజాయితీగా ఆలోచించుకుని అంకె ఎంచుకోండి.

ఇప్పుడు కడప. జక్కూరు నుంచి గీత గీస్తే సుమారు 110 నాటికల్ మైళ్లు (ఒక్కోటి 1.85 కిలోమీటర్లు, ఇకపై మైళ్లన్నీ ఇవే), ఈశాన్యంగా. చిక్కబళ్లాపురానికి తూర్పుగా దాటి, కదిరికీ రాయచోటికీ మధ్యగా వెళ్లి, ఆఖర్న పాలకొండలు దాటితే కడప. మా బండి వేగం 90 నాట్లు, అంటే గంటకు 90 నాటికల్ మైళ్లు. గాలి లేకపోతే ఒక్కో వైపు 73 నిమిషాలు. కుర్రాడు వేసిన లెక్క ఇంతవరకే.

కానీ జులైలో ఇక్కడ గాలి పడమర, నైరుతి నుంచి దంచుతుంది. 240 డిగ్రీల నుంచి 25 నాట్లు అనుకుందాం. కడపకు పోయేటప్పుడు వెనక నుంచి దాదాపు 23 నాట్ల తోపు. నేల మీద వేగం 113, కాబట్టి 58 నిమిషాల్లో కడప. తిరిగొచ్చేటప్పుడు అదే 23 ఎదురు. వేగం 67కు పడిపోతుంది, 98 నిమిషాలు పడుతుంది. పోయేటప్పుడు మిగిలింది 15 నిమిషాలు, వచ్చేటప్పుడు పోయింది 25. గాలి ఇచ్చింది, తీసుకుంది సమానం కాదు. పైగా గంటలోపే కడప చేరినవాడి బుర్ర “గంటే కదా, గంటలో ఇంటికి” అని కూస్తూ ఉంటుంది.

లీటర్లలో చూస్తే పోవడానికి 24, రావడానికి 41. ట్యాక్సీ, రన్-అప్ (టేకాఫ్ ముందు ఇంజన్ పరీక్ష), రెండు క్లైంబ్‌లకు అదనంగా 8. కడప విమానాశ్రయం సముద్ర మట్టానికి 400 అడుగుల చిల్లర మాత్రమే, తిరుగు ప్రయాణంలో 6,500 అడుగులకు ఎక్కాలంటే 152 పావుగంట మూలుగుతుంది. ఆ క్లైంబ్‌ని చాలామంది లెక్కలో వదిలేస్తారు. మొత్తం 73 లీటర్లు. పగటి వీఎఫ్ఆర్‌కి, అంటే బయటికి కళ్లతో చూస్తూ ఎగరడానికి, అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ ఐకావో చెప్పే కనీస రిజర్వు 30 నిమిషాలు, అంటే 12.5 లీటర్లు. అన్నీ కలిపి 85.5. ఉన్నవి 92. మిగిలేది ఆరున్నర లీటర్లు, పావుగంట.

“సరిపోయింది కదన్నా” అన్నాడు కుర్రాడు. సరిపోయిందా? గాలి 25 కాకుండా 35 ఉంటే తిరుగు ప్రయాణం దాదాపు 114 నిమిషాలవుతుంది. ఆ పావుగంట మూడున్నర నిమిషాలకు కుంచించుకుపోతుంది. దిగే ముందు, పక్కనే యలహంక వైమానిక స్థావరం, పైన కెంపేగౌడ విమానాశ్రయం ట్రాఫిక్ ఉంటాయి కాబట్టి “కాసేపు బయటే ఉండండి” అని కంట్రోలర్ పది నిమిషాలు తిప్పితే? సాయంత్రం హెబ్బాళ వైపు నుంచి వాన గోడలా వచ్చి జక్కూరును మూసేస్తే హెచ్ఏఎల్ విమానాశ్రయానికో మరోచోటికో పోవాలి, దానికి ఫ్యూయలేది? ఇంకోటి: మన దేశంలో సూర్యాస్తమయం తర్వాత 20 నిమిషాలు దాటితే వీఎఫ్ఆర్‌లో ప్రయాణం కుదరదు. కడపలో అన్నం తిని, నాన్నతో కబుర్లు చెప్పి నాలుగున్నరకు తీరిగ్గా లేస్తే ఎదురుగాలి మీ గడియారాన్ని కూడా తినేస్తుంది.

నా సొంత నియమం ఒకటుంది. జక్కూరులో దిగి ఇంజన్ ఆపేసరికి ట్యాంకుల్లో గంట ఫ్యూయల్ ఉండాలి, 25 లీటర్లు. చట్టం అడిగేది అరగంటే. ఆ అరగంట డిప్‌స్టిక్ తప్పును, గాలి తప్పును, నా తప్పును మూడింటినీ మోయలేదని నా నమ్మకం. గంట లెక్కన కావాల్సింది 98 లీటర్లు, ఉన్నవి 92. కాబట్టి 152లో, జులైలో, మధ్యలో పోయించుకోకుండా కడప వెళ్లిరావడం కుదరదు. ఏవీగ్యాస్ ప్రతి విమానాశ్రయంలో దొరకదు, ముందే ఫోన్ చేసి కనుక్కోవాలి. జనవరిలో 172 దొరికినప్పుడు వెళ్లొచ్చాం. 172ఎస్‌లో వాడుకోగలిగేది 53 గ్యాలన్లు, 200 లీటర్లు. ఆ రోజు లెక్క వేయడానికి టీ తాగినంత సేపు కూడా పట్టలేదు.

బరువు సంగతి కూడా చూడండి, ఫ్యూయల్‌ను మింగేసేది అదే. 152 గరిష్ఠ బరువు 757 కేజీలు. మా ఖాళీ బండి 510 దాకా ఉంటుంది. ఫుల్ ట్యాంక్ 67 కేజీలు. ఇద్దరు మనుషులకూ బ్యాగులకూ కలిపి మిగిలేది 180. ఇద్దరూ కండగలవాళ్లయితే “కాస్త ఫ్యూయల్ తగ్గిద్దాం” అనిపిస్తుంది. తగ్గించండి, తప్పులేదు, కానీ పై లెక్క మొత్తం మళ్లీ మొదటి నుంచి వేయండి. జక్కూరు 3,000 అడుగుల ఎత్తున ఉంది. ఏప్రిల్‌లో 35 డిగ్రీల ఎండకు అక్కడి గాలి 6,000 అడుగుల పైన ఉండే గాలిలా పల్చబడుతుంది. బరువు కొంచెం ఎక్కువైనా రన్‌వే చివర తెలుస్తుంది.

గాల్లో మళ్లీ లెక్క

నేల మీద వేసింది అంచనా, అసలు లెక్క గాల్లోనే. మోకాలి మీది కాగితంలో ప్రతి 20 నిమిషాలకు మూడు అంకెలు రాయండి: టైము, ఇప్పటికి నడిచిన దూరం, మిగిలిన నిమిషాలు. నిమిషాలే, లీటర్లు వద్దు.

కడప నుంచి తిరిగి వచ్చేటప్పుడు సగం దారి దగ్గర ఒక గేటు పెట్టుకోండి. అక్కడి నుంచి జక్కూరు 55 మైళ్లు, 67 నాట్లతో 49 నిమిషాలు. వాయవ్యంగా సుమారు 30 మైళ్ల దూరంలో పుట్టపర్తి విమానాశ్రయం, గాలి ఇలాగే ఉంటే ఇరవై అయిదు నిమిషాల లోపు. గేటు దగ్గర వేగం 67 రావాల్సింది 58 వస్తోందంటే జక్కూరు 57 నిమిషాలకు జరిగిపోయింది. అప్పుడు పుట్టపర్తికి తిరగాలా వద్దా అన్నది అక్కడే, ఆ నిమిషంలోనే తేల్చాలి. “ఇంకొంచెం ముందుకెళ్లి చూద్దాం” అంటే పుట్టపర్తి మీ వెనక్కి వెళ్లిపోతుంది. అది ప్రైవేటు విమానాశ్రయం, మామూలుగా ముందే అనుమతి కావాలి. ప్లాన్‌లో ప్రత్యామ్నాయంగా పెట్టుకుంటే ముందు రోజే మాట్లాడి పెట్టుకోండి. నిజంగా అత్యవసరమైతే మాత్రం ముందు దిగండి, కాగితాలు తర్వాత.

ఫ్యూయల్ గురించి రేడియోలో చెప్పడానికి రెండు మాటలున్నాయి. “మినిమమ్ ఫ్యూయల్” అంటే, నేను ఈ ఒక్క చోటే దిగాలి, ఇంకేమాత్రం ఆలస్యమైనా రిజర్వులోకి పోతాను అని. అది ముందస్తు కబురే, దారి ఇమ్మని అడగడం కాదు. దిగేసరికి ఆఖరి రిజర్వు కూడా మిగలదని లెక్క తేలితే “మేడే మేడే మేడే ఫ్యూయల్”. మన వాళ్లకు ఈ రెండో మాట నోట్లోంచి రాదు. పరువు పోతుందని మొహమాటం. బస్సులో తప్పు స్టాపులో దిగినా తప్పు స్టాపని ఒప్పుకోం కదా, అదే గుణం.

లెక్క గాల్లో ఎలా తలకిందులవుతుందో తెలుసుకోవాలంటే మన తిరుపతి దగ్గరే జరిగింది చూడండి. 1993 నవంబరు 15న మద్రాసు నుంచి హైదరాబాద్ బయలుదేరిన ఇండియన్ ఎయిర్‌లైన్స్ ఏ300. హైదరాబాద్‌లో సరిగా కనిపించక ల్యాండింగ్ మానుకుని పైకి లేచారు. ఫ్లాప్స్ (దిగేటప్పుడు రెక్కల వెనక దించే పలకలు) లోపలికి పోలేదు. వాటిని అలాగే వేలాడదీసుకుని తిరిగి మద్రాసుకు బయలుదేరారు. ఫ్లాప్స్ దిగి ఉంటే గాలి లాగుతుంది, వేగం తగ్గుతుంది, ఒక్కో మైలుకూ ఫ్యూయల్ చాలా ఎక్కువ కాలుతుంది. శుభ్రంగా ఎగిరే విమానానికి సరిపోయే ఫ్యూయల్ ఆ విమానానికి సరిపోలేదు. చివరికి తిరుపతి దగ్గర వరి పొలంలో దించారు. 262 మందీ బతికారు. మన సినిమావాళ్లు చాలామంది అందులో ఉన్నారు కాబట్టి మన ఇళ్లలో పెద్దవాళ్లందరికీ ఆ రోజు గుర్తే. పైలట్లం మాత్రం ఫ్లాప్స్ ముక్క గుర్తుపెట్టుకోవాలి: విమానం ఆకారం మారినా, ఎత్తు మారినా, దారి మారినా పాత ఫ్యూయల్ లెక్క చెల్లదు.

ఇంజన్ నడుస్తుండగానే దిగండి

ఈ కాగితం మొత్తంలో నేను కుర్రాడికి రెండుసార్లు చెప్పింది ఇదొక్కటే. ఫ్యూయల్ చాలదని తేలిపోయింది, దగ్గర్లో రన్‌వే లేదు అనుకోండి. అయిపోయేదాకా ఎగిరి, ఆగాక పొలం వెతుక్కోకండి. ఇంకా 20 నిమిషాల ఫ్యూయల్ ఉండగానే మంచి పొలం ఎంచుకుని, దాని మీదుగా 500 అడుగుల ఎత్తున ఒకసారి నెమ్మదిగా వెళ్లి, తీగలూ గట్లూ చూసుకుని, నచ్చకపోతే పవర్ కొట్టి పైకి లేచి ఇంకోటి చూసుకుని దిగండి. దీన్నే ప్రికాషనరీ ల్యాండింగ్ అంటారు. ఇంజన్ ఉంటే పొలాన్ని రెండుసార్లు చూడొచ్చు. లేకపోతే ఒక్కసారే, అదీ పైనుంచి.

ఇంజన్ ఆగితే

ముందు టేకాఫ్ సంగతి. రన్‌వే మీదికి వెళ్లే ముందే గట్టిగా పైకి చెప్పుకోండి: “రన్‌వే మిగిలుంటే దానిమీదే. లేకపోతే ముక్కుకు అటూ ఇటూ 30 డిగ్రీల లోపలే. వెనక్కి తిరగను.” వెనక్కి తిరగడం 180 డిగ్రీలే అనిపిస్తుంది. మళ్లీ రన్‌వే గీత మీదికి రావాలంటే మొత్తం మలుపు 270 దాకా అవుతుంది. అంత ఎత్తు ఉండదు. జక్కూరు చుట్టూ ఇప్పుడు అపార్ట్‌మెంట్లు కమ్ముకున్నాయి కాబట్టి రెండు దిక్కులా ఏ ఖాళీ జాగా మిగిలి ఉందో ఒక ఆదివారం స్కూటర్ మీద తిరిగి చూసి రండి. మ్యాపులో ఖాళీగా కనిపించినది ఆ నెలలో పునాది తవ్వేసిన సైటు అయి ఉండొచ్చు.

ఎత్తులో ఆగితే మొదట చేయి వెళ్లాల్సింది యోక్ (విమానం స్టీరింగ్) మీదికి. ముక్కు దించి 60 నాట్లు పట్టండి, 152కి అదే గ్లైడ్ స్పీడు. ఆ స్పీడు నిలిచేలా ట్రిమ్ చేయండి. చెక్‌లిస్టు అంతా ఆ తర్వాతే. స్పీడు పోగొట్టుకున్నవాడికి పొలం ఎంత మంచిదైనా దక్కదు.

ఎంత దూరం పోగలరు? వెయ్యి అడుగులకు ఒకటిన్నర మైలు. చిక్కబళ్లాపురం ప్రాంతంలో నేలే 3,000 అడుగుల ఎత్తు, మీరు 6,500లో ఉన్నారు. చేతిలో ఉన్నది 3,500 అడుగులే, 6,500 కాదు. గాలి లేకుంటే అయిదు మైళ్లు, అయిదు నిమిషాలు. 24 నాట్ల గాలికి ఎదురెళ్తే మూడు మైళ్లకు పడిపోతుంది, గాలితో వెళ్తే ఏడు. కాబట్టి దూరంగా కనిపించే అద్భుతమైన పొలం కోసం ఎదురుగాలిలో ఈదకండి. దాదాపు మీ కిందే ఉన్న మోస్తరు పొలం మేలు.

పొలం ఎంచుకుని దాని వైపు తిరిగాక కారణం వెతకండి. కార్బ్ హీట్ (కార్బురేటర్‌కు వేడిగాలి పంపే నాబ్) పూర్తిగా లాగండి, ముందు ఇదే. బెంగళూరు జులై వాతావరణం, 20, 22 డిగ్రీలు, ఎప్పుడూ తడి గాలి, పవర్ తగ్గించి దిగేటప్పుడు కార్బురేటర్‌లో మంచు పట్టడానికి చక్కగా సరిపోతుంది. “ఇక్కడ మంచేంటి” అనుకునేవాళ్లకే పడుతుంది. హీట్ లాగగానే ఇంజన్ ఇంకా దగ్గుతుంది, కరిగిన నీళ్లు లోపలికి పోతున్నాయి కాబట్టి. భయపడి మళ్లీ తోసేయకండి, పట్టుకుని ఉండండి. తర్వాత ఫ్యూయల్ వాల్వ్ తెరిచే ఉందా, మిశ్చర్ రిచ్, ప్రైమర్ (స్టార్టింగ్‌కు ఫ్యూయల్ కొట్టే పంపు) లాక్ అయి ఉందా, ప్లగ్గులకు కరెంటిచ్చే మాగ్నెటోలు రెండూ ఆన్‌లో ఉన్నాయా చూడండి. ట్యాంకులు మార్చే వసతి ఉన్న బండి అయితే రెండో ట్యాంకుకు మార్చండి. ఒక ట్యాంకు నిండుగా ఉండి ఇంకోటి ఖాళీ అయి ఇంజన్ ఆగిన కథలు ప్రపంచమంతా ఉన్నాయి.

మాట్లాడుతున్న ఫ్రీక్వెన్సీలోనే మేడే చెప్పండి, జవాబు రాకపోతే అత్యవసర ఫ్రీక్వెన్సీ 121.5. ట్రాన్స్‌పాండర్‌లో (రాడార్‌కు మీ కోడ్ పంపే పెట్టె) 7700 పెట్టండి. ఎక్కడున్నారో ఊరి పేరుతో చెప్పండి. “బాగేపల్లికి ఉత్తరంగా అయిదు మైళ్లు” అంటే వెతికేవాళ్లకు అన్నిటికంటే ఉపయోగం. 1,000 అడుగుల లోపలికి వచ్చాక రేడియో వదిలేయండి.

పొలానికి పక్కగా 1,000 అడుగుల ఎత్తులో ఉండేలా చూసుకోండి, సర్క్యూట్‌లో రన్‌వేకు సమాంతరంగా వెళ్లే డౌన్‌విండ్ లాగా. అక్కడి నుంచి మీ చేతులకు అలవాటైన దారే. కాస్త ఎక్కువ ఎత్తులో ఉండటం మంచిది. ఎక్కువైతే ఫ్లాప్స్‌తో, స్లిప్‌తో (విమానాన్ని పక్కకు జార్చి దిగడం) పోగొట్టవచ్చు. తక్కువైతే కొనుక్కోలేరు. పొలం చేతికి చిక్కిందని ఖాయమయ్యేదాకా ఫ్లాప్స్ దించకండి. 152 ఫ్లాప్స్ కరెంటుతో నడుస్తాయి, కాబట్టి మాస్టర్ స్విచ్ ఆఖర్న. మిశ్చర్ కట్, ఫ్యూయల్ వాల్వ్ క్లోజ్, మాగ్నెటోలు ఆఫ్, ఫ్లాప్స్ పూర్తి, అప్పుడు మాస్టర్ ఆఫ్. బెల్టులు బిగించండి. తలుపు కొంచెం తెరిచి పెట్టండి, గుద్దుకున్నప్పుడు ఫ్రేమ్ వంగితే తర్వాత తెరుచుకోదు. ముక్కు ఎత్తి, వేగం మరీ తగ్గిందని చెప్పే స్టాల్ హారన్ ఈల వేస్తుండగా, వీలైనంత నెమ్మదిగా వెనక చక్రాల మీద దిగండి.

ఏ పొలం?

ఈ చుట్టుపక్కల పైనుంచి చూస్తే పచ్చగా కనిపించేదంతా పొలం కాదు. దేవనహళ్లి, చిక్కబళ్లాపురం వైపు ద్రాక్షతోటలు పైనుంచి పచ్చటి తివాచీలా, ఇక్కడే దిగు అన్నట్టు కనిపిస్తాయి. ఆ ఆకుల కింద మనిషెత్తు రాతి స్తంభాలు, వాటి మధ్య బిగించిన ఇనుప తీగలు. సెస్నాకు అది బోను. కోలారు, మదనపల్లె వైపు టమాటా తోటల్లోనూ కర్రలూ తీగలూ ఉంటాయి. నీలగిరి తోపులు, కొబ్బరి తోటలు వద్దు. పాలీహౌసుల తెల్లటి కప్పులు ఎండకు మెరుస్తూ నీళ్లలా కనిపిస్తాయి.

మంచివి ఏవంటే, కోత అయిపోయిన రాగి చేను. డిసెంబరు, జనవరిల్లో దొరుకుతుంది, గట్టి నేల, అంగుళాల ఎత్తు మోళ్లు. సరిహద్దు దాటి గోరంట్ల, కదిరి వైపు వేరుశనగ చేలు, మొక్క పొట్టి, పొలాలు పెద్దవి. చాళ్లు ఎటుంటే అటే దిగండి, అడ్డంగా దిగితే ముందు చక్రం విరుగుతుంది. గాలికి ఎదురా, చాళ్ల వెంబడా అని సందేహం వస్తే, గాలి మరీ బలంగా లేకపోతే చాళ్లనే నమ్ముతాను. రాయలసీమ చేలల్లో ఏరి పోసిన రాళ్ల కుప్పలు, గట్లు, సేద్యపు గుంటలు చూసుకోవాలి. పొలంలో బావి, పంపు షెడ్డు ఉందంటే దానికి కరెంటు తీగ వచ్చి తీరుతుంది. తీగ కనిపించదు, స్తంభాలు కనిపిస్తాయి. స్తంభం నుంచి స్తంభానికి మనసులో గీత గీసుకోండి.

ఎండిన చెరువు ఆశపెడుతుంది. అంచు దగ్గర గట్టిగా ఉంటుంది, నడుమ పైపొర పగుళ్లిచ్చి కింద బురద ఉంటుంది. దిగాల్సి వస్తే అంచు వెంబడే. చిత్రావతి ఇసుక కూడా అంతే. నదిని దారి చూసుకోవడానికి వాడుకోండి, దిగడానికి వద్దు, ముందు చక్రం ఇసుకలో కూరుకుపోయి బండి బోర్లా పడుతుంది. హైవే 44 నిటారుగా, నల్లగా పిలుస్తుంది కానీ డివైడర్, బోర్డులు, దీపస్తంభాలు, లారీలు ఉంటాయి. ఖాళీ చేను పక్కనే ఉంటే రోడ్డు జోలికి పోకండి.

గాలి ఎటునుంచో తెలుసుకోవడానికి పొగ చూడండి. చెరువులో నీళ్లుంటే గాలి వచ్చే ఒడ్డు దగ్గర నున్నగా, అవతలి ఒడ్డున అలలుగా ఉంటుంది.

దిగాక

బండి ఆగగానే దిగి గాలి వచ్చే వైపు యాభై అడుగులు నడవండి. రెక్కల్లో ఫ్యూయల్ అయిపోయిందనుకున్నా ఆవిరి ఉంటుంది, మండేది అదే. పది నిమిషాల్లో ఊరు ఊరంతా వచ్చేస్తుంది. బాగేపల్లి వైపైతే తెలుగులోనే మాట్లాడొచ్చు. మొదటి మాట “బీడీలు ఆర్పండి” అనే ఉండాలి, రెండోది “పిల్లలను రెక్క ఎక్కనివ్వకండి”. ఊళ్లో పెద్దమనిషిని ఒకరిని పట్టుకుని కాపలా పెట్టమని అడగండి, సంతోషంగా పెడతారు, చేను తొక్కించినందుకు ముందు క్షమాపణ చెప్పండి. ఫోన్ మొదట ఏటీసీకో మీ క్లబ్బుకో చేయండి, మీ కోసం వెతుకుతున్నవాళ్లు ఆగాలి కదా. ఇంటికి ఆ తర్వాత. డ్రమ్ము తెప్పించి పోసుకుని అదే పొలంలోంచి ఎగిరి వెళ్లిపోదాం అని ఎవరన్నా అంటే, ఆ సలహా మీ నోటి నుంచే వచ్చినా సరే, వినకండి. ఇంజనీరు వచ్చి చూసేదాకా తాళం మీ జేబులోనే ఉండాలి.